క్షమాపణ జడ్జిగారికి చెప్పారు

కొత్తగా నల్లకోటు వేసుకున్న పిల్లలు ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. సర్కారు కొలువు నియామకం మీద కేసు వేశామనీ, కోర్టు మనవైపే ఉత్తర్వు ఇచ్చిందనీ, అధికారులు దాన్ని లెక్కచేయడం లేదనీ చెప్పి, కోర్టు ధిక్కారం పిటిషన్ ఎలా రాయాలో నేర్పమంటారు. రాయడం ఎవరైనా నేర్పుతారు. అది వేశాక అందులోని మనుషులకు ఏమవుతుందో ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు.

వకీలుగా నా జీవితం చాలావరకు ఇలాంటి కేసుల్లోనే గడిచింది. ఎన్ని గెలిచానో, బార్‌లో ఏ పదవులు చేశానో ఇక్కడ రాయను. వాటివల్ల మీకు ఉపయోగం లేదు. హైదరాబాద్ ఇంకా విడి రాష్ట్రంగా ఉన్న రోజుల్లో, నేను వృత్తిలోకి వచ్చిన కొత్తలో నడిచిన ఒక్క కేసు గురించి చెబుతాను. ఆ కేసులో ఒకదాని వెనక ఒకటిగా నేను నిర్ఘాంతపోయిన సందర్భాలు, ఆ తర్వాత ఇన్నేళ్ల ప్రాక్టీసులో అన్నీ కలిపినా రావు.

మా సీనియర్

నేను మద్రాసులో లా చదివి తిరిగొచ్చేసరికి పోలీసు చర్య ముగిసి కొంతకాలమైంది. మాది సికింద్రాబాద్‌లో బన్సీలాల్‌పేట. మా నాన్న గుంటూరు వైపు నుంచి మిషన్ బడికి టీచరుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నాకు ఇంగ్లీషు బాగా వచ్చు. ఉర్దూ మాత్రం బజారులో బేరమాడేంతే వచ్చు. మా సీనియర్ నర్సింగ్ రావు సాబ్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. వాళ్లది తరాలుగా హైదరాబాద్‌లో ఉన్న కుటుంబం. మూసీ ఒడ్డున హైకోర్టులో ఆయన ఉర్దూలో వాదిస్తుంటే, వేరే కేసుల వకీళ్లు కూడా వచ్చి వినేవారట. పోలీసు చర్య తర్వాత కోర్టు పని ఇంగ్లీషులోకి మారుతూ వచ్చింది. జుట్టు నెరిసిన మనిషి, నిన్నటిదాకా దర్జాగా తిరిగిన చోటే మాట వెతుక్కోవలసి వచ్చింది.

ఆయన ఆఫీసు రెజిమెంటల్ బజార్‌లో ఒక బట్టల కొట్టు మీద ఉండేది. మొదటి రోజే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"చూడు రత్నం, కానూన్ నాకు ఎరుక, ఇంగ్లీష్ నీకు ఎరుక. జెర కలిసి నడుద్దాం. నీకు తెల్వనిది నన్ను అడుగు, నాకు రానిది నేను నిన్ను అడుగుత. దీంట్ల షరమ్ ఏం లేదు."

ఆయన దగ్గర నేను నేర్చుకున్న గొప్ప పని, కక్షిదారు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు రాకపోవడం. ఏడ్చినా, తిట్టినా, చెప్పిందే చెప్పినా ఆయన విని ఊరుకునేవాడు. అసలు సంగతి చివర్లో ఎప్పుడో బయటపడేది. ఆయనలో ఒక బలహీనత కూడా ఉంది. కోర్టు అంటే భక్తి. కోర్టు ఒక మాట అన్నాక అది జరిగి తీరుతుందని మనసారా నమ్మేవాడు. ఆ నమ్మకం నాకూ అంటించాడు.

హమీదా బేగం

హమీదా బేగం సికింద్రాబాద్ ప్రాంతంలో బాలికల పాఠశాలల తనిఖీ అధికారిణి. భర్త పోయాక చదువుకుని, టీచరుగా చేరి, ఆ పోస్టు దాకా వచ్చిన మనిషి. రజాకార్ల గొడవల్లో బళ్లు మూతపడుతుంటే, జట్కా కట్టించుకుని బొల్లారం దాకా బడిబడికీ తిరిగి, టీచర్లను ఇళ్ల నుంచి పిలుచుకొచ్చి తలుపులు తీయించింది. మా పేటలో ఆడపిల్లలందరికీ ఆమె అంటే హడల్. వచ్చిందంటే ఎక్కాలు అప్పజెప్పమనేది.

పోలీసు చర్య తర్వాత ఆఫీసుల్లో పాతవాళ్లను తీసేసి బయటి నుంచి కొత్తవాళ్లను తెస్తున్న కాలం. తీసేసినవాళ్లలో కొందరు పోవలసినవాళ్లే, అది నేను కాదనను. కానీ ఎవరు తప్పు చేశారు, ఎవరి ఇంటిపేరు మాత్రమే తప్పయింది అని విడదీసి చూసే ఓపిక ఆ రోజుల్లో ఎవరికీ లేకపోయింది. హమీదా బేగం తమ్ముడు రజాకార్లతో తిరిగాడని ఎవరో అర్జీ పెట్టారు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన విద్యాశాఖ డిప్యూటీ డైరెక్టర్ ఒకాయన ఆ అర్జీ చదివి, ఆమెను పిలిచి ఒక్క ముక్క అడక్కుండా, పోస్టు నుంచి తప్పిస్తూ ఉత్తర్వు వేశాడు.

ఆమె మా ఆఫీసు మెట్లెక్కి వచ్చిన రోజు సాబ్ ఎప్పట్లాగే మొత్తం విన్నాడు.

"మా తమ్ముడు ఏం జేసిండో వాన్ని అడగాలె," అంది ఆమె. "వాడు నా గడప తొక్కక చాన ఏండ్లయింది. నన్ను పిలిచి అడిగితే గిదే చెప్తుంటి. అడగనే లేదు."

"మీకేం కావాలె బేగం సాహెబా?" అన్నాడు సాబ్.

"నా పని నాకు కావాలె. లేదంటే నేను జేసిన తప్పేందో రాసి ఇయ్యాలె. రెంట్ల ఏదో ఒకటి."

ఆమె తెచ్చిన ఉత్తర్వు నేను ఇంగ్లీషులోంచి సాబ్‌కు చదివి చెబుతున్నాను. ఆమె స్థానంలో నియమించిన వ్యక్తి పేరు దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపేశాను. ఎస్తేరమ్మ. మా చర్చి మనిషి. చిన్నప్పుడు ఆదివారపు బడిలో నాకు పాఠం చెప్పిన అక్క. మా సంఘంలో ఆడవాళ్లలో అంత పెద్ద కొలువు వచ్చింది ఆమెకే మొదటిసారి. కిందటి ఆదివారమే పాస్టరు గారు పేరు చెప్పి ప్రార్థన చేస్తే, అందరితోపాటు నేనూ గట్టిగా ఆమెన్ అన్నాను.

ఇంట్లో సంగతి దాచలేదు. మా అమ్మ వంట ఆపి నా ముందుకొచ్చి నిలబడింది.

"ఏరా, మన సంఘం పిల్ల నోటి దగ్గర కూడు లాగేస్తావా? ఆ బేగం గారికి ఈ ఊళ్లో ఇంకో వకీలే దొరకలేదా?"

"కేసు ఎస్తేరక్క మీద కాదమ్మా. ఉత్తర్వు మీద."

"రేపు ఆ కుర్చీలో కూర్చోబోయేది ఉత్తర్వా, ఎస్తేరా?"

నియామకం కేసుల్లో మనం కాగితం మీద వాదిస్తాం. అవతల ఒక మనిషి ఉంటుంది, తరచుగా ఏ పాపమూ ఎరగని మనిషి. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు మా అమ్మ ప్రశ్న ఒకసారి వేసుకుని రండి.

వరండాలో

హైకోర్టులో మా కేసు విన్న జడ్జిగారు హైదరాబాద్ పాతకాలపు మనిషి. ఉర్దూలో చదువుకుని, ఇంగ్లీషులో తీర్పులు రాయడం అలవాటు చేసుకున్నవారు. హమీదా బేగం ఇంకా చార్జి అప్పగించలేదని విని, కేసు తేలేదాకా ఆమే ఆ పోస్టులో కొనసాగాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. బయటికి వచ్చాక సాబ్ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"చూసినవా రత్నం, కోర్టు అంటే గిది."

మర్నాడు మధ్యాహ్నం ఏదో పనిమీద ఆ దారిన పోతూ తనిఖీ ఆఫీసులోకి తొంగిచూశాను. హమీదా బేగం వరండాలో, చప్రాసీలు కూర్చునే బల్ల మీద కూర్చుని ఉంది. ముసుగు పైకి తీసి, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, నిటారుగా. ఆమె గది తలుపు తెరిచే ఉంది. లోపల ఆమె కుర్చీలో ఎస్తేరక్క కూర్చుని ఉంది.

"ఇదేమిటి బేగం సాహెబా?" అన్నాను.

"పొద్దుగాల వచ్చిన. లోపల కొత్త మేడమ్ ఉన్నరు, మీకు కుర్చీ లేదన్నరు. అందుకే ఈడ కూసున్న."

నేను నేరుగా డిప్యూటీ డైరెక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన చాలా మర్యాదగా లేచి చెయ్యి కలిపి, టీ తెప్పించాడు. కోపం లేదు, కంగారు లేదు.

"మీ ఉత్తర్వు చేరిందండీ," అన్నాడు. "చిక్కేమిటంటే, అంతకు ముందు రోజే కొత్తావిడ చార్జి తీసుకున్నారు. జరిగిపోయినదాన్ని కోర్టు మాత్రం ఎలా ఆపుతుంది?"

కోర్టు ఉత్తర్వు ఇచ్చిన రోజు సాయంత్రం దాకా హమీదా బేగం తన కుర్చీలోనే పనిచేసిందని ఆఫీసులో అందరికీ తెలుసు. కానీ అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. నేను వెనక్కి వచ్చి చెబితే సాబ్ చాలాసేపు నమ్మలేదు. ఉత్తర్వు సరిగ్గా చదివి వినిపించావా, తర్జుమాలో ఏమైనా పొరపాటు జరిగిందా అని నన్నే మళ్లీ మళ్లీ అడిగాడు. హైకోర్టు మాటను ఒక మనిషి టీ తాగుతూ పక్కన పెట్టేయగలడని ఆయన బుర్రకెక్కలేదు. ఆ రోజే ధిక్కారం పిటిషన్ రాశాం.

పిటిషన్ విచారణకు వచ్చేదాకా ఆమె రోజూ పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి ఆ బల్ల మీదే కూర్చునేది. ఇంటి దగ్గర ఉండండి, మేం చూసుకుంటాం అని సాబ్ ఎంత చెప్పినా వినలేదు.

"ఇంట్ల కూసుంటే పని ఇడిసిపెట్టి పోయింది అంటరు," అంది. "నన్ను వాళ్లు కానరాకుండ జేయాలనుకుంటున్రు. నేను కానొస్తనే ఉంటా."

అవతలివాళ్ల ప్రమాణ పత్రాలు వచ్చాయి. డిప్యూటీ డైరెక్టర్ అబద్ధం రాస్తాడని ఊహించిందే. రెండోది ఎస్తేరక్కది. తాను ఉత్తర్వుకు ముందు రోజే చార్జి తీసుకున్నానని ప్రమాణం చేసి, కింద సంతకం పెట్టింది. ఆ గుండ్రటి చేతిరాత నాకు బాగా తెలుసు. అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న బైబిలు ఆజ్ఞను నాచేత బట్టీ పట్టించింది ఆమే. ఆ ఆదివారం చర్చిలో ఆమె నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు.

కోర్టులో

జడ్జిగారు ఇద్దర్నీ స్వయంగా హాజరు కమ్మన్నారు. డిప్యూటీ డైరెక్టర్ సూటు వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఎస్తేరక్క తెల్లచీర కట్టుకుని ఆయన వెనక వరసలో. హమీదా బేగం మా వైపు, గోడ దగ్గర.

ప్రభుత్వ వకీలు వాదన సాఫీగా సాగింది. చార్జి ముందే మారింది, ఇద్దరు బాధ్యతగల అధికారులు ప్రమాణం చేసి చెబుతున్నారు, ఎదురుగా ఉన్నది ఒక్క పిటిషనరు మాట మాత్రమే అన్నాడు. సాబ్ లేచి ఇంగ్లీషులో మొదలుపెట్టి, రెండో వాక్యంలో తడబడి, తెలియకుండానే ఉర్దూలోకి జారిపోయాడు. జడ్జిగారు అడ్డుపెట్టకుండా విన్నారు. కానీ సాక్ష్యం లేని మాట ఏ భాషలో చెప్పినా బలం ఉండదు. ఓడిపోతున్నామని నాకు తెలిసిపోతోంది.

అప్పుడు ఎస్తేరక్క లేచి నిలబడింది.

"అయ్యా, నేనొక మాట చెప్పుకోవచ్చాండీ?"

ప్రభుత్వ వకీలు వెనక్కి తిరిగి కూర్చోమని చేత్తో సైగ చేశాడు. ఆమె కూర్చోలేదు.

"ఏ భాషలో చెబుతారమ్మా?" అన్నారు జడ్జిగారు.

"తెలుగులో చెబుతానండి. ఇంగ్లీషులో చెబితే మళ్లీ ఆ కాయితంలో ఉన్నట్టే వస్తుంది."

"చెప్పండి."

"నేను చార్జి తీసుకున్నది తమరి ఉత్తర్వు వచ్చిన మర్నాడండి. ముందటి తారీకు వేసి సంతకం పెట్టమన్నారు, పెట్టాను. అప్పటికే ఆవిడ వరండాలో కూర్చుని ఉన్నారు. నాకు కనబడుతూనే ఉన్నారు."

ప్రభుత్వ వకీలు చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టాడు. సాబ్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"పెట్టమన్నది ఎవరు?" అన్నారు జడ్జిగారు.

"డిప్యూటీ డైరెక్టర్ గారండి."

"ఇప్పుడు ఈ మాట చెప్పమని మిమ్మల్ని ఎవరైనా భయపెట్టారా?"

"లేదండి. అప్పుడూ భయపెట్టలేదు, ఇప్పుడూ భయపెట్టలేదు. ఆ పోస్టు నాకు కావాలనిపించింది, అందుకే పెట్టాను."

"ప్రమాణం చేసి అబద్ధం రాశానని మీ నోటితో మీరే ఒప్పుకుంటున్నారు. అది మీకు తెలుసా?"

"తెలుసండి," అని కూర్చుంది.

గెలిచినందుకు నాకు సంతోషం కలగాలి. కలగలేదు. అప్పటిదాకా కోర్టులో మనుషులు తమను తాము కాపాడుకోవడమే చూశాను. తనను తాను ఎదుటివాళ్ల చేతికి అప్పగించుకోవడం చూడటం అదే మొదటిసారి.

జడ్జిగారు లేచి లోపలికి వెళ్లారు. భోజనాల తర్వాత మళ్లీ కూర్చోగానే డిప్యూటీ డైరెక్టర్ తరఫున బేషరతు క్షమాపణ దాఖలైంది. ఆయనే లేచి, తల వంచి, కోర్టువారి పట్ల తనకు అపార గౌరవం ఉందని మంచి ఇంగ్లీషులో చెప్పాడు. జడ్జిగారు ఆ క్షమాపణను అంగీకరించారు. హమీదా బేగాన్ని ఆ సాయంత్రమే ఆమె స్థానంలో కూర్చోబెట్టాలన్నారు. ఎస్తేరమ్మ అబద్ధపు ప్రమాణం విషయంలో శాఖ తగిన చర్య తీసుకోవచ్చన్నారు. అంతటితో ధిక్కారం కేసు ముగిసింది.

డిప్యూటీ డైరెక్టర్ జడ్జిగారికి మరోసారి వంగి నమస్కరించి, తలుపు వైపు నడిచాడు. దారి హమీదా బేగం పక్కనుంచే. ఆమె లేచి నిలబడి ఉంది. ఆయన ఆమె వైపు తల కూడా తిప్పలేదు.

"సాబ్, ఈమెకు చెప్పడా?" అన్నాను.

"ధిక్కారం కోర్టుకు జరిగింది రత్నం, ఆమెకు గాదు," అన్నాడు సాబ్. "మాఫీ సుత కోర్టుకే."

ఆ మాట ఆయన ఎన్నేళ్లుగా చెబుతున్నాడో. ఆ రోజు చెబుతుంటే మాత్రం తన నోట తనే కొత్తగా వింటున్నట్టు ఆగిపోయాడు. తర్వాత కూడా పనిచేశాడు, కేసులు గెలిచాడు. కానీ కోర్టు అంటే గిది అని మళ్లీ నాతో అనలేదు.

ఇది పిల్లలు గుర్తుపెట్టుకోవలసిన సంగతి. ధిక్కారం పిటిషన్‌లో మన కక్షిదారు కబురు మోసినవాడు మాత్రమే. అవమానం కోర్టుది, కోపం కోర్టుది, మన్నించే హక్కూ కోర్టుదే. పోయిన పరువు ఈ దారిలో తిరిగి వస్తుందని ఏ కక్షిదారుకూ మాట ఇవ్వకండి.

విచారణ

హమీదా బేగం తన గదిలోకి వెళ్లింది. కొన్నాళ్లకే ఎస్తేరక్కను సస్పెండు చేశారు. అబద్ధపు తారీకు వేయమన్న శాఖే, ఆ అబద్ధం రాసినందుకు ఆమె మీద విచారణ మొదలుపెట్టింది. రాయమన్నాయన మీద ఏ విచారణా లేదు. ఆయన క్షమాపణ చెప్పేశాడు కదా. చర్చిలో కూడా కొందరు ఆమె పక్కన కూర్చోవడం మానేశారు. మన సంఘానికి వచ్చిన కొలువును చేజేతులా పోగొట్టిందని వాళ్ల కోపం.

ఒక సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, ముందు అన్నం పెట్టి, తర్వాత అడిగింది.

"ఎందుకు చెప్పావే ఎస్తేరూ? ఊరుకుంటే గెలిచేదానివేగా."

"ఒకరోజు ఎక్కడో పల్లె బడి నుంచి టీచరొకావిడ సెలవు అర్జీ పట్టుకుని వచ్చింది పిన్నిగారూ," అంది ఎస్తేరక్క. "అలవాటు కొద్దీ వరండాలో బేగం గారికి దండం పెట్టి కాయితం ఇవ్వబోయింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. బేగం గారు తీసుకోలేదు. 'లోపల మేడమ్ ఉన్నరు, ఆమెకియ్యి' అన్నారు. ఎగతాళిగా కూడా అనలేదండి. మామూలుగా అన్నారు. ఆ తర్వాత నాకు ఆ గదిలో కాయితం మీద సంతకం పెడుతుంటే చెయ్యి రాలేదు."

తర్వాత నా వైపు తిరిగింది. "విచారణలో పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోవచ్చన్నారు. నువ్వొస్తావా రత్నం?"

నేను అప్పటిదాకా ఆమె మీద పోరాడిన వకీలును. హమీదా బేగం ఒప్పుకోకుండా వెళ్లడం ధర్మం కాదు. మర్నాడు ఆమె ఆఫీసుకు వెళ్లి అడిగాను. ఆమె సంతోషంగా సరే అంటుందనీ, తనే వచ్చి సాక్ష్యం చెబుతానంటుందనీ అనుకున్నాను.

"మీరు పోండి వకీల్ సాబ్, నేను అడ్డం రాను," అంది. "నన్ను మాత్రం గవాహీకి పిలువకుండ్రి."

"ఆమె నిజం చెప్పకపోతే మీరు ఈ కుర్చీలో ఉండేవారు కాదు కదా."

"ఉండకపోతుంటి. నిజమే. కానీ ఆమె రోజూ పొద్దుగాల నా ముందలికెళ్లి లోపలికి పోయేది. ఒక్కరోజు సుత నా మొఖం చూడలె. నాకు తక్లీఫ్ దాంతోటి అయింది. పోస్టు పోయినందుకు గింత కాలె."

మెట్లు దిగుతుంటే నాకు ఆమె మీద కోపం వచ్చింది. మంచి చేసినవాళ్లు ఒకళ్లనొకళ్లు మెచ్చుకోవాలని, బాధపడినవాళ్లు గొప్ప మనసు చూపించాలని మనం అనుకుంటాం. అది మన సౌకర్యం కోసం అనుకునేది. ఆ సంగతి అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

విచారణ రోజు శాఖ తరఫు అధికారి ఒకాయన, ఎస్తేరక్క, నేను ఒక చిన్న గదిలో కూర్చున్నాం. ఆమె అన్నీ ఒప్పుకుంది. ఇక లేవబోతుండగా తలుపు దగ్గర హమీదా బేగం కనబడింది. ఎవరూ పిలవలేదు.

"మీరెవరి తరఫున వచ్చారు?" అన్నాడు అధికారి.

"ఎవ్వరి తరఫున రాలె. రెండు మాటలు చెప్పి పోత. రాసుకోండి." ఆమె కూర్చోలేదు. "ఈమె నేను బయట కూసున్నన్ని దినాలు నన్ను జూసి సుత జూడనట్టు పోయింది. గది ఒకటి. ఆ ఆఫీసుల గంత మంది ఉంటే, నిజం చెప్పింది ఈమె ఒక్కతే. గది రెండు."

అధికారి రాసి, కాగితం ఆమె ముందుకు జరిపి సంతకం పెట్టమన్నాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని నిదానంగా చదివింది.

"రెండో మాట ఏది?"

"అది ఈ విచారణకు అవసరం లేదండి."

"నేను రెండు చెప్పిన. మీరు ఒకటి రాసి సంతకం పెట్టమంటున్రు. అయినదొకటి, కాగితం మీద ఇంకొకటి. ఈమె మీద కేసు గిందుకే కదా పెట్టిన్రు?"

అధికారి ముఖం ఎర్రబడింది. "మీరూ ఈ శాఖలోనే పనిచేస్తున్నారు. అది గుర్తుంచుకోండి."

"నాకు యాదికున్నది. మీరు రాయండి."

ఆయన కలం తీసి, కాగితం చిరిగేలా రెండో మాట రాశాడు. ఆమె సంతకం పెట్టి, కళ్లద్దాలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఎస్తేరక్క తలెత్తి ఆమెనే చూస్తోంది. హమీదా బేగం మాత్రం ఆమె వైపు చూడలేదు.

ఆ తర్వాత

ఎస్తేరక్కను సర్కారు కొలువు నుంచి తీసేశారు. టీచరుగా ఆమెకున్న అర్హత కూడా రద్దు చేయాలని శాఖ గట్టిగానే ప్రయత్నించింది. ఆ రెండో మాట రికార్డులో ఉండటం వల్ల దాన్ని మాత్రం పైవాళ్లు ఒప్పుకోలేదు. బొల్లారంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో చేరి, ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం అక్కడే పాఠాలు చెప్పింది. హమీదా బేగాన్ని తప్పించిన ఉత్తర్వును శాఖ చడీచప్పుడు లేకుండా వెనక్కి తీసుకుంది. ఆమె ఆ పోస్టులోనే పదవీ విరమణ చేసింది. నాకు తెలిసినంతలో ఆ ఇద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు. మాట్లాడుకున్నారని రాస్తే చదవడానికి బాగుంటుంది. జరగలేదు.

చాలా ఏళ్లకు, హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చాక, సికింద్రాబాద్‌లో ఒక పెళ్లి విందులో నా పక్క కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. చూడగానే గుర్తుపట్టాను. ఆ డిప్యూటీ డైరెక్టరే. రిటైరై ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడట. మనిషి అదే మర్యాద. నా ప్రాక్టీసు గురించి, పిల్లల గురించి ఆప్యాయంగా అడిగాడు. నేను ఉండబట్టలేక హమీదా బేగం కేసు ఎత్తాను.

ఆయన నొసలు చిట్లించాడు. ఎస్తేరమ్మ పేరు కూడా చెప్పాను. వరండా సంగతి, హైకోర్టు సంగతి అన్నీ చెప్పాను. దాస్తున్నాడేమోనని ముఖం పట్టి పట్టి చూశాను. పాపం, నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు.

"ఇద్దరు ఆడవాళ్లా?" అన్నాడు చివరికి. "నాతో వాళ్లకేమైనా గొడవ జరిగిందా?"

"కోర్టు దాకా వెళ్లిందండీ."

"అలాగా. మరి నేనేం చేశాను?"

"క్షమాపణ చెప్పారు."

"చెప్పానా," అన్నాడు. ఆయన ముఖం తేలికపడింది. "అయితే సరేలెండి," అని మిఠాయి పళ్లెం నా వైపు జరిపాడు.